లూకాస్ చేత చిక్కిన సంఖ్య



ఈ పూట నా మాటలన్నీ ఒకే ఒక్క సంఖ్య చుట్టూ తిరుగుతాయి. దానికి ముప్ఫై తొమ్మిది అంకెలు. మూడేసి అంకెల చొప్పున నెమ్మదిగా చదువుతాను, వినండి: 170, 141, 183, 460, 469, 231, 731, 687, 303, 715, 884, 105, 727.

చదవడానికి ఇంతసేపు పట్టినా, దీన్ని పుట్టించడం తేలికే. నూట ఇరవై ఏడు రెండ్లను వరసగా హెచ్చవేసి, వచ్చిన లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. గణితంలో 2 ఘాతం 127, అందులో ఒకటి తక్కువ అంటారు. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతో భాగించినా శేషం మిగిలి తీరుతుంది. ఆ సంగతి 1876లో ఫ్రాన్సుకు చెందిన ఎడ్వార్డ్ లూకాస్ ప్రకటించాడు. ఆయన గణితం చెప్పే ఉపాధ్యాయుడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఆ తరవాత డెబ్బై అయిదేళ్ల దాకా, అంటే 1951 వరకూ, ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్యను ఎవరూ రుజువుతో చూపించలేకపోయారు. చేత్తో లెక్క కట్టి సాధించిన వాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది.

ముప్ఫై తొమ్మిది అంకెల సంఖ్యకు కారణాంకాలు లేవని ఒక మనిషికి ఎలా తెలుస్తుంది? నన్ను ఏళ్ల తరబడి పట్టి ఉంచిన ప్రశ్న అది. దానికి దొరికిన జవాబు మనిషి ఆలోచనలోని గొప్ప అందాల్లో ఒకటని నా నమ్మకం. ఆ జవాబునే మీ ముందు పెట్టాలని వచ్చాను.

ముందు మన తెలుగు లెక్క ఒకటి చూద్దాం. తొలి తెలుగు గణిత గ్రంథకర్తగా పావులూరి మల్లనను చెప్పుకుంటాం. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఆయన పేర ప్రసిద్ధమైన పద్యం ఒకటి ఉంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం ఎంతవుతుందో ఆ పద్యం చెబుతుంది. శరాలంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఇలా అంకెలకు బదులు వస్తువుల పేర్లతో ఒకట్ల స్థానం నుంచి పైకి చదువుకుంటూ పోతే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది: 18,446,744,073,709,551,615. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. అది 2 ఘాతం 64లో ఒకటి తక్కువ.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. లూకాస్ 1883లో ఒక ఆట బయటికి తెచ్చాడు. మూడు కర్రలు, వాటిలో ఒకదానికి పెద్దది కింద, చిన్నది పైన ఉండేలా తొడిగిన బిళ్లలు. చిన్న బిళ్ల మీద పెద్ద బిళ్ల పెట్టకుండా, ఒకసారికి ఒక్కటే కదుపుతూ, మొత్తాన్ని ఇంకో కర్రకు మార్చాలి. హనోయి గోపురం అని దాని పేరు. కంప్యూటరు చదువుకున్న పిల్లలందరికీ తెలిసినదే. కాశీలో ఒక గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్లలతో ఈ పని జరుగుతూ ఉంటుందని ఆ ఆటకు ఒక కథ కూడా కట్టారు. అరవై నాలుగు బిళ్లలకు ఎన్ని ఎత్తులు కావాలో లెక్కేస్తే సరిగ్గా మల్లన సంఖ్యే వస్తుంది. వాళ్లిద్దరికీ పరస్పరం ఏ ఎరుకా లేదు. రెట్టింపు చేస్తూ పోయి ఒకటి తీసేసే లెక్క ఇద్దరినీ ఒకే చోటికి చేర్చింది.

మరి మల్లన సంఖ్య ప్రధాన సంఖ్యేనా? కాదు. ఎందుకు కాదో భాగించి చూడక్కర్లేదు. రెండు ఆధారంగా రాసే పద్ధతిలో, కంప్యూటరు లోపల రాసుకునే పద్ధతిలో, ఈ సంఖ్యలన్నీ వరసగా ఒకట్లే. 2 ఘాతం 64లో ఒకటి తక్కువ అంటే అరవై నాలుగు ఒకట్లు. అరవై నాలుగు కర్రపుల్లలను రెండేసిగా కట్టలు కట్టవచ్చు, నాలుగేసిగా కట్టవచ్చు, ఎనిమిదేసిగా కట్టవచ్చు. పుల్ల మిగలకుండా కట్టగలిగిన ప్రతి కట్టా ఆ సంఖ్యకు ఒక కారణాంకం. రెండు ఒకట్ల కట్ట అంటే మూడు. నాలుగు ఒకట్ల కట్ట అంటే పదిహేను. అందుకే మల్లన సంఖ్య మూడుతో పోతుంది, అయిదుతో పోతుంది, పదిహేడుతో పోతుంది. 1732లో గణితవేత్త ఆయిలర్ పట్టుకున్న 641 కూడా దాని కారణాంకాల్లో ఒకటి.

దీన్నిబట్టి ఒక నియమం తేలుతుంది. ఒకట్ల లెక్క సంయుక్త సంఖ్య అయితే ఆ సంఖ్యా సంయుక్తమే. కాబట్టి ఘాతం ప్రధాన సంఖ్య అయితేనే ఆశ. 127 ప్రధాన సంఖ్యే, సమానమైన కట్టలకు లొంగదు. కానీ ఆశ ఉన్నంత మాత్రాన ఫలితం ఉండాలని లేదు. 11 ప్రధాన సంఖ్య. 2 ఘాతం 11లో ఒకటి తక్కువ 2047. అది 23ను 89తో హెచ్చిస్తే వచ్చేది.

ఈ తరహా సంఖ్యలకు మెర్సెన్ పేరు పెట్టారు. మారెన్ మెర్సెన్ ప్యారిస్‌లో ఉండిన క్రైస్తవ సన్యాసి, తన కాలపు పండితులందరికీ ఉత్తరాలు రాస్తూ, ఒకరి ఆలోచన ఇంకొకరికి చేరవేస్తూ బతికినవాడు. 257 వరకూ ఏ ఘాతాలకు ప్రధాన సంఖ్యలు వస్తాయో 1644లో ఒక జాబితా ప్రకటించాడు: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. రుజువు ఇవ్వలేదు. ఆ జాబితాలో అయిదు తప్పులున్నాయని తేల్చడానికి లోకానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. 67, 257 ఉండకూడనివి. 61, 89, 107 ఉండవలసి ఉండీ లేనివి. 127 మాత్రం నిలబడింది. నిలబెట్టినవాడు లూకాస్.

భాగించి తేల్చాలంటే ఎంత పనో చూడండి. ఒక సంఖ్యకు కారణాంకాలుంటే వాటిలో ఒకటైనా దాని వర్గమూలానికి మించకుండా ఉంటుంది. మన సంఖ్య వర్గమూలం సుమారు పదమూడు పక్కన పద్దెనిమిది సున్నాలు. మల్లన నింపిన చదరంగం బల్ల మీది మొత్తంలో పదింట ఏడు వంతులు. సెకనుకు ఒక భాగహారం చొప్పున చేసుకుంటూ పోతే నలభై ఒక్క వేల కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లే. అడ్డదారి ఒకటి ఉంది: ఈ సంఖ్యకు కారణాంకం అంటూ ఉంటే, అది 254 గుణిజం కంటే ఒకటి ఎక్కువై ఉండాలి. 2047 విషయంలో చూడండి, 23 అంటే 22కు ఒకటి ఎక్కువ, 89 అంటే 88కి ఒకటి ఎక్కువ. రెండూ 22 గుణిజాల పక్కనే ఉన్నాయి. ఇలాంటి అడ్డదారులతోనే 1772లో ఆయిలర్ 2 ఘాతం 31లో ఒకటి తక్కువ, అంటే 2,147,483,647, ప్రధాన సంఖ్య అని భాగించి భాగించి తేల్చాడు. కానీ 127 దగ్గర ఆ అడ్డదారిలో వెళ్లినా నూట అరవై కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది. భాగహారంతో ఈ కోట బద్దలు కాదు.

లూకాస్ చేసిన గొప్ప పని ఇదే: కారణాంకాల కోసం వెతకడం మానేశాడు. సంఖ్యను వేరే ప్రశ్న అడిగాడు.

ఆ ప్రశ్న ఎలా ఉంటుందో చిన్న సంఖ్య మీద చూద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి. 31ని తీసుకుందాం. అది 2 ఘాతం 5లో ఒకటి తక్కువ. నాలుగుతో మొదలుపెట్టండి. దాన్ని వర్గం చేసి రెండు తీసేయండి: పదహారులోంచి రెండు పోతే పద్నాలుగు. మళ్లీ వర్గం చేసి రెండు తీసేయండి: 196లోంచి రెండు పోతే 194. దాన్ని 31తో భాగిస్తే శేషం ఎనిమిది. ఆ ఎనిమిదిని వర్గం చేసి రెండు తీసేస్తే 62. అది 31కి సరిగ్గా రెండింతలు. శేషం సున్నా. మూడు మెట్లలో సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధాన సంఖ్య. ఘాతం కంటే రెండు తక్కువ మెట్లు ఎక్కాలి, చివరి మెట్టు మీద సున్నా రావాలి. వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఇందులో సందేహానికి తావు లేదు.

127 ఘాతానికి నూట ఇరవై అయిదు మెట్లు. నలభై ఒక్క వేల కోట్ల ఏళ్ల పని నూట ఇరవై అయిదు వర్గాలకు దిగివచ్చింది! నాలుగుతో మొదలై బేసి ప్రధాన ఘాతం దేనికైనా పనికొచ్చే ఈ రూపాన్ని తరవాత 1930లలో అమెరికా గణితవేత్త లెహ్మర్ తీర్చిదిద్దాడు. అందుకే దీన్ని లూకాస్ లెహ్మర్ పరీక్ష అంటారు. లూకాస్ 127 కోసం మూడుతో మొదలుపెట్టాడు: మూడు, ఏడు, నలభై ఏడు. నడక మాత్రం అదే, వర్గం చేసి రెండు తీసేయడం.

ఈ నాలుగు, పద్నాలుగు, నూట తొంభై నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వాటిని సగం చేసి చూడండి: రెండు, ఏడు, తొంభై ఏడు. రెండు వర్గం నాలుగు, ఒకటి వర్గానికి మూడింతలు మూడు, తేడా ఒకటి. ఏడు వర్గం నలభై తొమ్మిది, నాలుగు వర్గానికి మూడింతలు నలభై ఎనిమిది, తేడా ఒకటి. తొంభై ఏడు వర్గం 9,409, యాభై ఆరు వర్గానికి మూడింతలు 9,408, తేడా మళ్లీ ఒకటే. ఒక వర్గానికీ, ఇంకో వర్గానికి మూడింతలకూ తేడా ఒకటి ఉండే జంటలివి. ఇలాంటి సమీకరణాలను మన పూర్వులు వర్గప్రకృతి అన్నారు. ఒక జంట దొరికితే దాన్ని దానితోనే కలిపి పెద్ద జంటను పుట్టించే ఉపాయం, భావన అనే పేరుతో, బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఉంది. రెండు, ఒకటి అనే జంటకు భావన చేస్తే ఏడు, నాలుగు వస్తుంది. దానికి చేస్తే తొంభై ఏడు, యాభై ఆరు వస్తుంది. లూకాస్ లెహ్మర్ పరీక్షలో ఎక్కే మెట్టు మెట్టూ ఒక భావన. లూకాస్ బ్రహ్మగుప్తుణ్ణి చదివి ఇది చేశాడని నేననడం లేదు. ఆయన దారి వేరు, ఫిబొనాచీ శ్రేణి గుండా వచ్చాడు. కానీ గణితంగా చూస్తే ఆ ఇద్దరూ తిప్పిన చక్రం ఒక్కటే. దీన్ని బడిలో పాఠంగా చెప్పే రోజు రావాలని నాకెంతో కోరిక.

మెట్లు నూట ఇరవై అయిదే అయినా, ప్రతి మెట్టు మీదా ముప్ఫై తొమ్మిది అంకెల సంఖ్యను వర్గం చేసి, వచ్చిన డెబ్బై ఎనిమిది అంకెల దాకా ఉండే లబ్ధాన్ని భాగించి శేషం తీయాలి. ఇక్కడ ఈ సంఖ్య ఆకారమే సాయపడుతుంది. మామూలు లెక్కలో 99తో భాగించాలంటే భాగించక్కర్లేదు. 4487ను 44, 87గా విడగొట్టి కలపండి: 131. మళ్లీ 1, 31 కలపండి: 32. అదే శేషం. తొంభై తొమ్మిది వందకు ఒకటి తక్కువ కావడమే కారణం. మన సంఖ్య కూడా 2 ఘాతం 127కు ఒకటి తక్కువే. కాబట్టి ఒకట్లూ సున్నాలుగా రాసుకుంటే, పై సగాన్ని తెచ్చి కింది సగానికి కలిపితే చాలు, భాగహారం మాటే లేదు. లూకాస్ దీన్ని బల్ల మీద ఆడే ఆటలా వివరించాడు. అడ్డంగా 127, నిలువుగా 127 గళ్లున్న చదరంగం బల్ల. ఒకటి ఉన్న చోట పావు, సున్నా ఉన్న చోట ఖాళీ. గుణకారంలోని ప్రతి వరసా ఒక గడి పక్కకు జరుగుతుంది. ఎడమ అంచు దాటిన పావు కుడి అంచున తిరిగి ప్రవేశిస్తుంది. ఒక నిలువులో రెండు పావులు చేరితే రెండూ తీసేసి పక్క నిలువులో ఒకటి పెట్టాలి. ఇప్పటి కంప్యూటరు చిప్పులు ఈ సంఖ్యతో చేసే పని కూడా సారాంశంలో ఇదే. 1914లో ఫ్రాన్సుకే చెందిన ఫోకెంబెర్గ్ లెక్క మళ్లీ చేసి లూకాస్ ఫలితాన్ని ఖాయపరిచాడు.

ఈ పరీక్ష చెప్పేదీ, చెప్పనిదీ రెండూ గమనించాలి. 2047 మీద ప్రయోగిస్తే తొమ్మిదో మెట్టు మీద 1736 మిగులుతుంది. సున్నా కాదు కాబట్టి సంయుక్త సంఖ్య అని తెలిసిపోతుంది. కానీ 23, 89 ఎక్కడా కనబడవు. మెర్సెన్ జాబితాలోని 67 సంగతీ ఇంతే. 2 ఘాతం 67లో ఒకటి తక్కువ ప్రధాన సంఖ్య కాదని 1876లోనే లూకాస్ చూపాడు. కారణాంకాలేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. 1903 అక్టోబరులో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని బయటపెట్టాడు: 193,707,721 ఒకటి, 761,838,257,287 రెండోది. ఆ రోజు ఆయన నోరు తెరవకుండా, నల్లబల్ల మీద ఒక పక్క ఘాతం లెక్క, ఇంకో పక్క గుణకారం రాసి, రెండూ ఒకటేనని చూపి వెళ్లి కూర్చున్నాడని, సభ చప్పట్లతో మారుమోగిందని చెప్పుకుంటారు. ముక్కలు కనబడకుండానే ముక్కలున్నాయని తెలియడం, వాటిని చేతికి తెచ్చుకోవడం వేరు వేరు జ్ఞానాలు. వాటి మధ్య ఇరవై ఏడేళ్ల దూరం ఉంది. నేటి ఆన్‌లైన్ లావాదేవీల భద్రతలో పెద్ద భాగం ఆ దూరం మీదే నిలబడి ఉంది. ఒక సంఖ్య ప్రధానమో కాదో యంత్రం చిటికెలో తేల్చగలదు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని తిరిగి విడగొట్టడం మాత్రం దానికి ఇప్పటికీ కొండంత పని.

1951 నుంచి కథ వేగంగా నడిచింది. ఆ ఏడాది ఫెరియర్ అనే ఫ్రెంచి గణితవేత్త బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రంతో నలభై నాలుగు అంకెల ప్రధాన సంఖ్య సాధించాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్‌శాక్ కంప్యూటరుతో డెబ్బై తొమ్మిది అంకెల దాన్ని పట్టారు. అది లూకాస్ సంఖ్యను వర్గం చేసి, 180తో హెచ్చించి, ఒకటి కలిపితే వచ్చేది. పాత రికార్డు కొత్త రికార్డుకు పునాది అయింది. 1952 జనవరి 30న రాబిన్సన్ రాసిన ప్రోగ్రాముతో స్వాక్ యంత్రం, లూకాస్ పరీక్షనే నడిపి, ఒక్క రోజులో రెండు కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్యలను ఇచ్చింది. 2024 అక్టోబరులో ప్రకటించిన సంఖ్య 2 ఘాతం 136,279,841లో ఒకటి తక్కువ. దానికి 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. రుజువు చేసిన పద్ధతి లూకాస్ మొదలుపెట్టినదే, నాలుగుతో మొదలై వర్గం చేసి రెండు తీసేయడం.

అంత పెద్దవాటి పక్కన ముప్ఫై తొమ్మిది అంకెలు చిన్నబోతాయని అనుకోకండి. కంప్యూటరు 64 ఒకట్లూ సున్నాల గదుల్లో సంఖ్యలు దాచుకుంటుంది. మన సంఖ్యకు కావలసినవి 127, అంటే రెండు గదుల్లో ఒదిగిపోతుంది. శేషం తీయడం తేలికని చూశాం. అందుకే 2015లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన కాస్టెల్లో, లోంగా రహస్య సందేశాల కోసం ఫోర్‌క్యూ అనే పద్ధతిని ఈ సంఖ్య మీదే కట్టారు. వాళ్లకు కావలసింది వేగం. దాన్ని ఇవ్వగల ప్రధాన సంఖ్య 1876 నుంచి సిద్ధంగా ఉంది.

ఈ సంఖ్యకు ఉన్న ఇంకో గుణం పూర్తిగా వేరు. ఆరు చూడండి. దాన్ని భాగించే చిన్న సంఖ్యలు ఒకటి, రెండు, మూడు. కలిపితే ఆరే. ఇరవై ఎనిమిదీ అంతే. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. ఒక్కో మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచి ఒక్కో పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ చెప్పాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ అలా పుట్టినవేనని ఆయిలర్ నిరూపించాడు. మన సంఖ్యను 2 ఘాతం 126తో హెచ్చిస్తే డెబ్బై ఏడు అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. దాని చివరి రెండంకెలు కూడా 28.

చివరిగా చెప్పేది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రెండుతో మొదలుపెట్టండి. 2 ఘాతం 2లో ఒకటి తక్కువ మూడు. 2 ఘాతం 3లో ఒకటి తక్కువ ఏడు. 2 ఘాతం 7లో ఒకటి తక్కువ 127. 2 ఘాతం 127లో ఒకటి తక్కువ మన సంఖ్య. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. లూకాస్ ఫలితం వచ్చిన 1876లోనే యూజీన్ కాటలాన్ అనే గణితవేత్త ఈ వరసను ఎత్తి చూపాడు. ఇంకో మెట్టు ఎక్కితే? మన సంఖ్యను ఘాతంగా పెట్టి, అందులో ఒకటి తీసేస్తే? ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చెప్పడానికే ముప్ఫై ఎనిమిది అంకెలు కావాలి. దాన్ని రాయడానికి భూమ్మీద కాగితం చాలదు. లూకాస్ పరీక్ష పెడదామంటే మెట్ల లెక్కే మన సంఖ్య కంటే రెండు తక్కువ. మిగిలిన దారి ఒక్కటే, పాత దారి, కారణాంకం కోసం వెతకడం. ఆ కారణాంకం ఉంటే మన సంఖ్య సరి గుణిజానికి ఒకటి ఎక్కువై ఉండాలి, అంటే అన్నిటికన్నా చిన్నది కూడా మన సంఖ్యకు రెండింతలు దాటి ఉండాలి. ఆ మొదటి అవకాశం, రెండింతలకు ఒకటి ఎక్కువ, 2 ఘాతం 128లో ఒకటి తక్కువ అవుతుంది. అందులో 128 ఒకట్లు, రెండేసిగా కట్టలు కట్టవచ్చు, మూడుతో పోతుంది, కాబట్టి అది పనికిరాదు. అక్కణ్ణుంచి ముందుకు ఒక్కొక్కటీ పరీక్షించుకుంటూ కంప్యూటర్లు చాలా దూరం వెళ్లాయి. ఇంతవరకూ ఒక్క కారణాంకమూ దొరకలేదు.